చీమల కొఱకు అభిషేకము మానిన స్వామి

భీమడోలు రైలుస్టేషనులో దిగి ద్వారకాతిరుమల దారి పట్టు యాత్రికులు నిత్యము ఉందురు. మొక్కు తీర్చుకొనవలసినవారు, పిల్లలకు పుట్టువెండ్రుకలు తీయించువారు, క్రొత్తగా పెండ్లియైన దంపతులు, అందఱును ఆ దారినే పోవుదురు. చిన్నతిరుపతి యని వాడుక గల ఆ క్షేత్రమున వైఖానసాగమము ననుసరించి అర్చన జరుగును. అచట ఒక విశేషము కలదు. దర్శనము చేసికొని వచ్చినవారిలో పలువురు దానిని గమనింపరు. మూలవిరాట్టునకు అక్కడ అభిషేకము లేదు.

ఇందులకు కారణమును స్థలపురాణము నెఱిగిన పెద్దలు ఇట్లు చెప్పుదురు. ద్వారకుడను మహర్షి తపస్సునకు మెచ్చి స్వామి పుట్టనుండి స్వయంవ్యక్తుడయ్యెను. పై భాగము మాత్రమే కనుపించును. క్రింది భాగము పుట్టలోనే యుండిపోయినది. పాదములు సేవించుటకు వీలు లేకపోయెనని భక్తులు చింతింపగా భగవద్రామానుజులు వెనుక సంపూర్ణవిగ్రహమును ప్రతిష్ఠించిరనియు, అందువలననే ఒకే గర్భాలయమున ఇరువురు మూర్తులు, ఏట రెండు కల్యాణోత్సవములు, వైశాఖమున ఒకటి, ఆశ్వయుజమున ఒకటి, ఏర్పడినవనియు ప్రతీతి. ఇక అభిషేకము మాట. విగ్రహము క్రింద ఎఱ్ఱచీమలు లెక్కకు మిక్కిలిగా ఉన్నవట. పైన ఒక్క నీటిబొట్టు పడినను అవి కలతపడునట. కనుక స్వామికి స్నానము లేదు.

ఆగమములందు స్నపనమునకు ఎంతటి స్థానమున్నదో అర్చకస్వాములకు తెలియనిది కాదు. కలశముల సంఖ్య, ద్రవ్యముల వరుస, ఒక్కొక్క ద్రవ్యమునకు ఫలము, ఇవన్నియు విపులముగా చెప్పబడినవి. అంతటి ఉపచారమును స్వామి వదలుకొనెనే గాని చీమలను వెడలగొట్టుడని సెలవీయలేదు. పండుగలను గూర్చియు, పండుగనాడు నోరులేని ప్రాణులపట్ల మనుజుడు నడువవలసిన తీరును గూర్చియు మాటాడుకొనునపుడు ఈ ప్రాంతమువారు దృష్టాంతము కొఱకు దూరమేగ నక్కఱలేదు.

అయినను ఒక చిక్కు కలదు. ధనుర్మాసము నెలదినములును ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెము చుట్టుపట్ల వైష్ణవాలయములందు తెల్లవారుజామున తిరుప్పావై వినిపించును. ఇల్లాండ్రు చలిలో తలస్నానము చేసి, వాకిట ముగ్గు పెట్టి, గొబ్బెమ్మలుంచి గుడికి పోవుదురు. భోగినాడు గోదాకల్యాణము. ఆ కల్యాణపు తలంబ్రాలు తల్లి జుట్టునుండి రాలకముందే కొడుకు కోడిపందెపు బరికి పోవును. తల్లి చేత ప్రసాదము, కొడుకు చేత పందెపు సొమ్ము. రెండును ఒకే ఇంట, ఒకే దినమున. చూచి చూచి అలవాటైనది గనుక ఎవరికిని వింతగా తోచుటలేదు.

గోదాదేవి తిరుప్పావై రెండవ పాశురమున నోమునకు నియమములు చెప్పినది. భోగములలో ముందుగా విడువవలసినవి నేయి, పాలు. కాటుక, పూలు ఆ తరువాత వచ్చును. ఇరువదియేడవ పాశురమునకు వచ్చుసరికి నోము ఫలించినది. అప్పుడు మోచేతివఱకు నేయి జాఱు పాలన్నమును అందఱు కూడి ఆరగింతురు. ఆనాడు ఆలయములందు ఆ ప్రసాదము పంచు వాడుక ఇప్పటికిని కలదు. ఆ ఒక్కదినపు ప్రసాదము అందఱికి గుర్తున్నది గాని అంతకుముందు గడచిన ఇరువదియాఱు దినముల నియమము ఎందఱికి గుర్తున్నది? ఈ నియమము పాడి లేని బీదయింట పుట్టినది కాదు. ఆండాళ్ భావించిన ఊరు వ్రేపల్లె. అచట పట్టినదే తడవుగా కడవలు నింపు ఆవులు. పాడి పొంగిపొరలు ఇంట పాలు మానుట గనుకనే అది నోమైనది.

1944లో ఇంగ్లండు దేశమున కొందఱు మాంసముతోపాటు పాలను, గ్రుడ్లను గూడ విడిచి, ఒక సంఘముగా ఏర్పడి, ఆ ఆహారమునకు వీగన్ అని పేరిడిరి. ఇప్పుడు ఆ మాట హైదరాబాదులోను, అమెరికాలోని తెలుగువారి ఇండ్లలోను వినవచ్చుచున్నది. సంక్రాంతికి వచ్చిన మనుమరాలు పరమాన్నము వలదనినచో నాయనమ్మ నొచ్చుకొనును. “పాలు గూడ ముట్టని భక్తి ఎక్కడిదే తల్లీ?” అని అడుగును. గోదమ్మ ఇంటిదే యని బదులు చెప్పవచ్చును. ఉద్దేశములు రెండును ఒకటి కావు, నిజమే. ఆండాళ్ పాలు మానినది స్వామి కొఱకు; మనుమరాలు మానినది ఆవు కొఱకు. ఆవు గోవిందునకు పరాయిదా యనునది నాయనమ్మ, మనుమరాలు కూర్చుండి మాటాడుకొనదగిన సంగతి. ఎగతాళి చేసి త్రోసిపుచ్చదగినది మాత్రము కాదు.

ధర్మశాస్త్రము పాలను నిషేధింపలేదు. అయితే ఏ పాలైనను త్రాగవచ్చుననియు చెప్పలేదు. మనుస్మృతి ఐదవ అధ్యాయమున వర్జ్యమైన పాలు కొన్ని చెప్పబడినవి. ఈనిన పదిదినముల లోపలి పాలు ఒకటి. దూడ లేని ఆవు పాలు మఱియొకటి. ఈ రెండింటిని ఒక్కచోట ఉంచి చూచినచో స్మృతికారుని తలంపు దాగదు. పాలు ముందు దూడవి. పూర్వము పల్లెలలో దూడను విడిచి, అది కుడిచిన పిమ్మట కట్టివేసి పిదుకుచుండిరి. పిదికిన పిమ్మట మరల విడుచుచుండిరి. మగదూడ అక్కఱకు రాదని దానిని ఆకలితో మాడ్చు కొట్టములు నేడు లేవని ఎవరనగలరు? ఆ పాలతో పొంగలి వండి కృష్ణార్పణమనునపుడు గృహస్థు ఒక్కసారి పాలు వచ్చిన చోటును విచారించుట మంచిది. ఈ సందర్భమున గేదెను గూడ తలపవలెను. కోస్తాజిల్లాలలో ఇంటింట త్రాగు పాలలో ఎక్కువ పాలు గేదెవే. కనుమనాడు ఆవునకు పూలదండ, ఎద్దు కొమ్ములకు రంగు. ఏడాది పొడవున పాలిచ్చిన గేదెకు పలువురిండ్లలో కుంకుమబొట్టైనను ఉండదు!

నిజమునకు మన పండుగవంటలలో పాలు, నేయి తగులనివి తక్కువ కావు. ఉగాదిపచ్చడి అట్టిదే. శ్రీరామనవమి పానకము, వడపప్పు అట్టివే. ఉండ్రాళ్ళు, సెనగల గుగ్గిళ్ళు, చలిమిడి, నువ్వులు బెల్లము కలిపి దంచిన చిమ్మిలి, కనుమనాటి మినపగారెలు, నూనెలో వేచిన అరిసెలు, వీనిలో దేనికిని పాడి అక్కఱలేదు. పులిహోర మాట చెప్పనే అక్కఱలేదు. చింతపండు గుజ్జును నువ్వులనూనెలో నూనె పైకి తేలువఱకు ఉడికించి, ఇంగువ, కరివేపాకు, ఎండుమిరపకాయల పోపుతో క్రొత్తబియ్యపు అన్నమున కలిపిన పులిహోరకు మించిన ప్రసాదము తెలుగువాడెఱుగడు. పరమాన్నమే కావలెనన్న కొబ్బరిపాలతో బెల్లము కరగించి వండుకొనవచ్చును. గోదావరి మండలములలో కొబ్బరికి కొదవయా? అయితే ఒక హెచ్చరిక. ఇది గృహారాధనకు చెప్పిన మాట. ఆలయమున దద్ధ్యోదనము, క్షీరాన్నము మొదలగు నివేదనములు ఆగమము చెప్పినట్లు, అర్చకులు చేయుచున్నట్లు జరుగవలసినవే. ఇంటిలో స్వేచ్ఛ వేఱు, కోవెలలో మర్యాద వేఱు. గృహస్థునకు గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయమున అడిగినది ఆకు, పూవు, పండు, నీరు. ఆ నాలుగింటికై ఏ ప్రాణియు నొవ్వనక్కఱలేదు.

నాగులచవితి విషయమై ఒక మాట. పాము పాలు త్రాగు జంతువు కాదని జంతుశాస్త్రము తెలిసినవారు చెప్పుదురు. ఊరి చివరనున్న ఒకే పుట్టలో ఊరంతయు చెంబులతో పాలు పోసినచో లోపలి ప్రాణి పాటు ఏమగును? పుట్టకు పసుపు కుంకుమలుంచి, చలిమిడియు చిమ్మిలియు నివేదించి, ప్రదక్షిణము చేసి వచ్చుటలో భక్తికి లోటేమియు లేదు. ఒక్క నీటిబొట్టు పుట్టలో పడరాదని స్నానమే మానుకొన్న స్వామి కొండ ఇక్కడికి దగ్గఱనే యున్నది.

కనుమకు మూలమైన భావము భాగవత దశమస్కంధమున గోవర్ధనపూజాఘట్టమున కానవచ్చును. ఇంద్రయాగమునకై కూర్చిన సంభారములతోనే గోవులను, విప్రులను, కొండను పూజింపుమని బాలకృష్ణుడు నందునకు బోధించెను. పాయసము మొదలుకొని పప్పువఱకు, అప్పములు మొదలగు పిండివంటలు వండుమనెను. ఆ వంట ఎవరెవరికి పెట్టవలెనో చెప్పిన చోటనే కృష్ణుని హృదయము తెలియును. అచట పతితులకు పాలు కలదు, కుక్కలకు పాలు కలదు. గోవులకు పచ్చిక వేయుమనెను. ఆ పిమ్మటనే కొండకు నైవేద్యము. వీధికుక్క ఆకలితో నుండగా గోవర్ధనునకు పెట్టిన నైవేద్యము చెల్లునా యని ప్రశ్నించుకొనినవారికి ఈ వరుస యందే సమాధానము దొరకును.

ఉత్తరదేశమువారు గోవర్ధనోత్సవమును దీపావళి మఱునాడు చేయుదురు. తెలుగుదేశమున పశువుల పండుగ కనుమ. ఆనాడు ఎద్దు మెడపై కాడి మోపరు. పశువులను చెఱువునకు తోలి కడిగి, నుదుట పసుపు కుంకుమలుంచి, మెడలో గంటలు, దండలు కట్టి, క్రొత్తబియ్యపు పొంగలి పెట్టుదురు. కనుమనాడు కాకి గూడ కదలదని సామెత. ప్రయాణము వలదనుటలో ఎద్దునకు సెలవిచ్చు దయ ఇమిడియుండెనని తోచును. ఇప్పుడు డెల్టాలో ట్రాక్టరులు వచ్చి ఎడ్లు తగ్గిపోయినవి. పశువు లేని గృహస్థు ఏమి చేయవలెను? గోశాలకు పచ్చగడ్డి మోపు తీసికొనిపోవచ్చును. ఇచట మఱియొక హెచ్చరిక అవసరము. పండుగనాడు వచ్చిన ప్రతియొక్కరును పుణ్యమునకై ఉడికిన అన్నము, అరిసెలు, అరటిపండ్లు మితిమీఱి పెట్టినచో నెమరువేయు జంతువునకు కడుపుబ్బి ప్రాణముమీదికి వచ్చును. పచ్చగడ్డి పెట్టుట మేలు. దానికి అడ్డులేదు.

సంక్రాంతికి ఈ ప్రాంతమువారు చేయు మఱియొక మంచిపని వరికంకుల కుచ్చులు. క్రొత్తపంట ఇంటికి వచ్చినపుడు మంచి కంకులు ఏఱి, జడవలె అల్లి, చూరునను వసారాలోను వ్రేలాడగట్టుదురు. కోవెల మండపములలోను కట్టుదురు. అవి పిచ్చుకలకు. రైతు తన కళ్ళములో పిట్టలను అదలించినవాడే; పంట చేతికి అందిన తోడనే వాని పాలు వానికి పంపినాడు! వరిపిండి ముగ్గు చీమలకు. ఇపుడు ముగ్గు రాతిపొడియైనది, చూరులు పోయి మేడలు వచ్చినవి. చీమకు పిండియు లేదు, పిచ్చుకకు చోటును లేదు. పిండితో ముగ్గు పెట్టుటకు మాత్రము ఎవరి అనుమతి కావలెను?

పిట్టల మాట వచ్చినపుడు కొల్లేటిని విడువరాదు. శీతకాలమున దేశాంతరములనుండి వచ్చు పక్షులకు కొల్లేరు విడిది. కైకలూరు చెంత ఆటపాకలో అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుపమంచెలపై గూడబాతులు గూళ్ళు పెట్టి పిల్లలను సాకును. 1946లో కొల్లేటి ప్రాంతమున గూడబాతుల పెద్దస్థావరమొకటి కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుని కంటబడెను. తరువాతి దశాబ్దములలో అది లేకుండపోయెను. 1999లో కొల్లేరు పక్షులకు అభయారణ్యమైనది. 2002లో రామ్సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడినది. గూడబాతులు గూళ్ళు పెట్టి పిల్లలను సాకు కాలమునకును మన పండుగలకును పొత్తు కలదు. కొల్లేటి యొడ్డున గట్టిగా ప్రేలు మందుసామాను కాల్చుట పండుగయైనచో గూటిలోని పిల్లకు అది ఏమగునో తలచుకొనవలెను. దీపావళి దీపముల వరుస. ప్రమిదకు ప్రేలుడు లేదు.

ఇక కోడిపందెము. దీనిని గూర్చి మెత్తగా చెప్పి ప్రయోజనము లేదు.

పందెపుకోడిని పెంచువాని శ్రద్ధ చూచినవారికే తెలియును. రంగును బట్టి డేగ యని, కాకి యని, నెమలి యని పేర్లు పెట్టును. బాదముపప్పు తినిపించును. నీటిలో ఈదించును, ఒడలు పిసుకును, చలిగాలి తగులకుండ కప్పును. ఇంటిలోని బిడ్డకు జ్వరము వచ్చినను అంత కంగారుపడడేమో! ఏడాది ఇట్లు సాకి, పండుగనాడు దాని కాలికి కత్తి కట్టి, మఱియొకడు అట్లే సాకిన కోడిమీదికి వదలును. కొన్ని నిమిషములలో ఒకటి చచ్చును. పలుమాఱులు రెండవదియు దక్కదు. ఆ మనుజుడు స్వభావముచేత క్రూరుడు కాడు. ప్రేమ తెలియనివాడును కాడు. ప్రేమించి పెంచిన చేతులతోనే కత్తి కట్టగలుగుట, దానికి పండుగ యని పేరిడగలుగుట, ఇందలి దుఃఖమంతయు అదియే.

ఇది సంప్రదాయమని వాదించువారు సంప్రదాయము చెప్పినది వినవలెను. మనువు తొమ్మిదవ అధ్యాయమున జూదమును రెండుగా విభజించెను. పాచికలవంటి ప్రాణములేని వస్తువులతో ఆడునది ద్యూతము. ప్రాణులను పందెమొడ్డి ఆడునది సమాహ్వయము. రెండింటిని రాజు తన రాజ్యమునుండి తొలగింపవలెనని శాసించెను. యాజ్ఞవల్క్యుడు మాత్రము రాజపురుషుల కనుసన్నలలో, రాజునకు భాగమిచ్చి ఆడు ద్యూతమునకు విధులు చెప్పి, అవే సమాహ్వయమునకును వర్తించుననెను. ఈ సంగతి దాచుట పండితధర్మము కాదు. కాని యాజ్ఞవల్క్యుని నీడకు చేరదలచినవారికి నేటి ప్రభుత్వపు అనుమతియు లేదు. 1960లో వచ్చిన జంతుహింసానివారణచట్టము జంతువులను పోరాడించుటను నేరమన్నది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూదచట్టము పందెమును నిషేధించినది. 2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఈ పందెములను అరికట్టవలసినదని ప్రభుత్వమును ఆదేశించినది. అయినను సంక్రాంతికి డేరాలు లేచుచునే యున్నవి.

వైష్ణవులకు ఈ విషయమున ఒక ప్రత్యేకమైన గాయము కలదు. పలనాటి బ్రహ్మనాయుడు మాచర్ల చెన్నకేశవుని భక్తుడు. కులభేదము పాటింపక అందఱిని ఒక్క బంతిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టినవాడు. అంతటివాడు నాయకురాలు నాగమ్మతో కోడిపందెమునకు ఒప్పుకొనెను. ఓడెను. ఏడేండ్లు మాచర్ల విడిచి పోవలసి వచ్చెను. ఆ పగ కారెమపూడి రణరంగమున వీరులందఱిని మ్రింగినదాక ఆఱలేదు. చాపకూడు నిలిపిన పుణ్యమును కోడికాలి కత్తి కోసివేసినదని ఆ కథ వినిన తెలుగువాడు ఎన్నడైన అనుకొనెనా? అనుకొనియుండిన బరికి పోడు.

“మేము తినము, పందెము కాయము; ఊరక చూచుటకు పోయితిమి” అని కొందఱు వైష్ణవగృహస్థులు చెప్పుదురు. మనువు హింసలో పాలుగలవారిని లెక్కించునపుడు చంపినవానితో ఆగలేదు. కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తినినవాడు, వీరందఱికంటె ముందుగా అనుమతించినవాని పేరు పెట్టెను. బరి చుట్టును నిలిచి కేకలు వేయు వేయిమంది అనుమతియే ఆ పందెమునకు ప్రాణము. చూచువాడు లేని బరిలో కోడిని ఎవడు వదలును?

ఇంతమాత్రమున శాకాహారియైన వైష్ణవుడు తాను గొప్పవాడనని తలపరాదు. కొల్లేటి పల్లెలలో చేప జీవనాధారము. వలవేసి పిల్లలను పోషించుకొనువానిని చులకన చేయుట ఈ ధర్మమునకు చెందదు. వనపర్వమున కౌశికుడను బ్రాహ్మణునకు ధర్మము బోధించినవాడు మిథిలలో మాంసమమ్ముకొను వ్యాధుడు. అతడు తాను చంపడు, తాను తినడు; కులవృత్తిని వదలలేనందుకు లోలోన బాధపడును. ఆ బాధ గలవానికంటె, పులిహోర తిని బరికి పోవు వైష్ణవుడు ఏ విధముగా ఎక్కువ?

గ్రామదేవత జాతరలలో బలికి బదులుగా బూడిదగుమ్మడికాయ కొట్టు వాడుక నేటిది కాదు. మధ్వసంప్రదాయమున యజ్ఞములందు పశువునకు మాఱుగా పిండితో చేసిన పశువును వాడుదురు. ఈ మార్పులు భక్తి తగ్గి వచ్చినవి కావు. శాంతిపర్వమున ఉపరిచరవసువు కథ దీనికి మూలమువంటిది. ఆ రాజు పరమనారాయణభక్తుడు. తాను చేసిన అశ్వమేధమున ఒక్క పశువును చంపనీయక అడవిలో దొరకు ద్రవ్యములతోనే హవిస్సు సిద్ధపఱచెను. వెనుక ఒకనాడు దేవతలకును ఋషులకును వివాదము కలిగెను. యాగమున వాడుమని చెప్పిన ‘అజ’ శబ్దమునకు మేక యని దేవతలు, విత్తనములని ఋషులు. తీర్పు వసువునడిగిరి. దేవతల మొగము చూచి వసువు మేక యనెను. ఆ క్షణముననే ఆకాశమునుండి పడి భూవివరమున చొచ్చెను. తాను చేతులతో ఏ ప్రాణిని చంపలేదు. ఒక మాట ఆడెను, అంతే. ఆ వివరమునందుండియు నారాయణస్మరణ విడువలేదు గనుక స్వామి గరుత్మంతుని పంపి పైకి తెప్పించెను.

పెద్దలమొగము చూచియో, స్నేహితుల మొగము చూచియో, ఊరి పెత్తందారు మొగము చూచియో “ఏడాదికొక్కసారి పండుగ, పోనిమ్ము” అను గృహస్థు ఆడునదియు ఒక్క మాటయే.

నోము పట్టిన ఇల్లాలు మాత్రము ఈ మాట ఆడ నక్కఱలేదు. భోగితో నోము ముగిసినదనుకొనక, కనుమ సాయంకాలమువఱకు అది నోము ఇల్లేయని పిల్లలకు చెప్పవచ్చును. మినుములు రుబ్బుటకు, కొబ్బరి కోరుటకు, గోశాలకు గడ్డి మోయుటకు చేతులు కావలెను. వరికంకుల కుచ్చును ఎత్తున కట్టుటకు నిచ్చెన యెక్కగలవాడు కావలెను. ఆ పని బరికి పోవలెనని తొందరపడుచున్న కుఱ్ఱవానికే అప్పగింపవలెను. పిచ్చుకలు మొదటి రెండుదినములు రావు, మనుష్యులను చూచి జంకును. తరువాత వచ్చును. రథసప్తమినాటికి కుచ్చులో గింజ మిగులదు. ఆ గడ్డిని దింపి పెరటిలోని గేదెకు వేయుదురు.